ఇమడనిది

నా పని కోత పని.
మైనంలో పాతిన పేగు ముక్కని
వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన కోసి
గోరువెచ్చని నీళ్ళ మీద తేలనిచ్చి
గాజు పలక మీదికి ఎత్తుకోవడం.
గట్టిగా ఊపిరి వదిలితే ముడుచుకుపోతుంది.
అందుకే, పేరులోనే రెండుసార్లు వాగే
ఈ వాగా వాగా ఊళ్ళో
నేను మాత్రం నోరు మెదపను.

పదకొండో నంబరు కుక్క పేరు టాన్సీ.
ఎర్ర కెల్పీ. ఏడేళ్ళది.
నాలుగొందల గొర్రెల్ని కంటిచూపుతో గేటు దాటించేదట.
ఇప్పుడు తోక కింద తడితో
వీపు ఎముకలు లెక్కకొస్తూ
తూకం బల్ల మీద సిగ్గుపడి నిలబడింది.
లాక్‌హార్ట్ అవతల నుంచి దాన్ని తెచ్చిన మెర్విన్ హాడ్రిల్
టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని అడిగాడు:
"తిన్నదంతా ఎటు పోతోంది?"

డాక్టర్ పాస్కో జవాబు చెబుతూనే ఉంది.
నేను స్లైడు చూశాను.
కొత్త తువ్వాలు నూగులా నిక్కి నిలవాల్సిన పేగు వేళ్ళు
పొట్టిగా, ఉబ్బి,
ఒక్కోదాని నడుమ ఒక తెల్లటి ఖాళీ.
కొవ్వుని మోసే సన్న కాలువ నిండి, తెగి,
ఒంటి సత్తువంతా లోపల్లోపలే కారిపోతోంది.
మెర్విన్ కూడా ఒంటికన్ను మూసి తొంగిచూశాడు.
గులాబీ, ఊదా. "బాగుందే" అనేసి
వెంటనే తప్పు చేసినవాడిలా జరిగిపోయాడు.

నాకు మా మేనత్త గొంతు వినబడింది:
"కుక్క కడుపులో నెయ్యి ఇముడుతుందా!"
ఆవిడ కుక్కనేం అనలేదు. నన్నే అంది.
చీటీ పాడుకున్న సంగతి
మామయ్య ముందు కక్కేశానని.
అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.
ఆ సామెత ఇలా నాలుగు మైక్రాన్ల మందాన
నిజమై ఎదురొస్తుందని ఆవిడకీ తెలియదు.

రెండు రకాల సంచులిచ్చాం.
ఒకదాంట్లో మందు, ఒకదాంట్లో ఉత్త పొడి.
ఏది ఏదో మాకూ తెలియదు.
తిండి మాత్రం అన్నిటికీ ఒకటే:
ఉడికించిన తెల్ల చేప, బంగాళాదుంప, చుక్క నూనె లేకుండా.
రోజూ పొద్దున్నే పెరట్లో వంగి చూసి
ఒకటి నుంచి ఏడు దాకా అంకె వెయ్యాలి.
ఒకటి రాయి. ఏడు నీళ్ళు.
అందరూ అంకె వేసి ఊరుకున్నారు.
మెర్విన్ పక్కన ఖాళీ కూడా వదల్లేదు.
"ఆరు. రాత్రి మంచు పడింది."
"ఐదు. కంచె దాకా నాతో నడిచింది."
"ఆరు. హేజెల్ పోయి ఇవాళ్టికి రెండేళ్ళు."

ఆరో వారానికి రక్తంలో ఆల్బుమిన్ ఇంకా దిగింది.
డాక్టర్ పాస్కో మోతాదు గురించి చెబుతోంది.
ఆయన టోపీ అంచు తిప్పి, తిప్పి,
ఎవరూ అడక్కుండానే,
"చాప్ కొవ్వు" అన్నాడు. "రోజూ సాయంత్రం. కొంచెమే.
ఆ చేప వైపు చూసి, అది నా మొహం చూసేది."

అత్తా, ఇక్కడ మనవాడొకడున్నాడు.

వ్యాసం అచ్చయ్యేసరికి టాన్సీ పట్టికలో లేదు.
అడుగున చిన్న అక్షరాల్లో ఉంది:
"నియమోల్లంఘన కారణంగా ఒక కుక్కను మినహాయించాం."
సరైన మాటే. నేనే ప్రూఫు దిద్దాను.
వేగిన కొవ్వు వాసన
ఏ అక్షరానికీ అంటలేదు.

ఎనిమిది నెలలైంది.
కాగితాలు ఇంకా పోస్టులో వస్తూనే ఉన్నాయి,
ఏ లెక్కలోకీ రాని అంకెలు.
పారేయమన్నారు.
నా సొరుగులో, పదకొండో నంబరు స్లైడు కింద
దాస్తున్నాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను.
చూశారా.

నిన్న వచ్చింది:
"నాలుగు. చేపే పెట్టాను, ఒట్టు.
గొర్రెల్ని చూసి ఒకసారి మొరిగింది."